జెరేనియం ఆకు మీద మణికట్టు

మా వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన కదలకండి గారు. ఫోటో స్టూడియోలో మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తించి, భుజం సరిచేసి, నాలుగడుగులు వెనక్కి వేసి ఆయన అనే మాట అదొక్కటే. చంటిపిల్లకైనా, పోలీసు ఇన్‌స్పెక్టరుకైనా అదే మాట, అదే గొంతు. ఒకసారి రోడ్డు దాటుతూ, ఎదురుగా వస్తున్న సైకిలాయనకి అలవాటు కొద్దీ "కదలకండి" అన్నారట. ఆ సైకిలాయన నిజంగానే తొక్కడం ఆపేసి పక్కకి ఒరిగిపోయాడట. నేను చూడలేదు గానీ నమ్ముతాను.

స్టూడియో మేడ మీద ఉంది. ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కలేనంత ఇరుకు మెట్లు. పైన ముందుగదిలో నీలం తెర, రెండు పెద్ద లైట్లు, స్టూలు, దువ్వెన వేలాడదీసిన అద్దం. దాని వెనక కిటికీ లేని చిన్న గది. అదే డార్క్‌రూమ్. ఫిల్ము రోజులు పోయి పుష్కరం దాటింది. ఇప్పుడు ఆయన పని పాస్‌పోర్టు ఫోటోలు, జిరాక్సులు, లామినేషన్. అయినా డార్క్‌రూమ్ ఖాళీ చెయ్యలేదు. ప్రతి శనివారం ట్రేలు కడిగి బోర్లిస్తారు. వాటిలో ఏమీ పోయరు, ఏమీ తియ్యరు. ఎందుకు కడుగుతున్నారని ఎవరైనా అడిగితే, దుమ్ము పడుతుంది కదా అంటారు.

మేడ కింద మందుల షాపు. అందులో చీటీ చూసి మందులిచ్చేది ఆయన భార్య. మాట తక్కువ, లెక్క గట్టి. ఆవిడకి ఉన్న ఒకే ఒక్క సరదా మేడ మీది వరండాలో పెంచే జెరేనియం కుండీలు. పన్నెండు కుండీలు, గుండ్రటి మెత్తటి ఆకులు, ఎర్రటి పూలు. కదలకండి గారికి మొక్కల గోల పట్టదు. పెళ్ళయిన కొత్తలో ఏ కుండీకి నీళ్ళు పొయ్యమన్నా పక్క కుండీకి పోసేవారని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

కథంతా ఒక ఆదివారం పొద్దున మొదలైంది. ఆవిడ చెల్లెలు హైస్కూల్లో ఎనిమిదో తరగతికి సైన్సు టీచరు. అక్క పెళ్ళినాటికి ఆ పిల్లకి పదేళ్ళు. బావ చెయ్యి పట్టుకుని పెరిగింది కాబట్టి ఆయన దగ్గర భయమూ లేదు, మొహమాటమూ లేదు. ఆ రోజు అక్క కుండీల్లోంచి ఒకటి ఎత్తి చంకలో పెట్టుకుని సరాసరి డార్క్‌రూమ్ దగ్గరికి వచ్చింది. రెండు రోజులు ఈ మొక్క ఇక్కడ ఉంటుందని చెప్పింది. ఉంచొచ్చా అని అడగలేదు.

స్కూల్లో బీరువా లేదా అని ఆయన విసుక్కున్నారు. ఉంది గానీ దాని తలుపు పడదు, సందులోంచి వెలుతురు వస్తుంది అందామె. ఈ పరీక్షకి చిక్కటి చీకటి కావాలి. ఆకు పగలు ఎండలో చక్కెర తయారు చేసుకుంటుంది. అప్పటికప్పుడు వాడుకోగా మిగిలినదాన్ని పిండిగా మార్చి తనలోనే దాచుకుంటుంది. పొద్దు గుంకాక ఆ పిండిని మళ్ళీ చక్కెర చేసి వేళ్ళకీ, చిగుళ్ళకీ పంపేస్తుంది. రెండు రోజులు వెలుతురు లేకుండా చేస్తే దాచుకున్నదంతా అయిపోయి ఆకు ఖాళీ అవుతుంది. అప్పుడు మళ్ళీ ఎండలో పెడితే కొత్తగా ఎంత చేసిందో, ఎక్కడ చేసిందో తెలుస్తుంది. ఇదంతా ఆమె ఒక్క గుక్కలో చెప్పేసి, కుండీ లోపల పెట్టి, తలుపు మూసింది. నా డార్క్‌రూమ్ మొక్కల సత్రమైపోయిందని ఆయన భార్యతో చెప్పుకున్నారు. ఆవిడ, ఇన్నాళ్ళకి ఆ గదిలోకి ఎవరో ఒకరు వచ్చారు కదా అంది.

మంగళవారం పొద్దున ఆ మొక్కని స్కూలుకి మొయ్యాల్సిన పని కూడా ఆయన మీదే పడింది. మరదలు స్కూటరు నడుపుతుంటే వెనక కుండీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ప్రతి గతుకు దగ్గరా ఒక పిడికెడు మట్టి చొక్కా మీద పడింది. స్కూలు చేరాక ఆమె నల్ల కాగితంలో నక్షత్రం ఆకారంలో కన్నం కత్తిరించి, దాన్ని ఒక ఆకు మీద పిన్నుతో బిగించి, కుండీని డాబా మీద ఎండలో పెట్టింది. కుండీ లేకుండా ఇంటికెళ్తే భార్య ఊరుకోదు కాబట్టి ఆయన సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయారు.

ఆఖరి పీరియడ్‌లో నలభై మంది పిల్లల వెనక చివరి బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని చూశారు. మరదలు ఆ ఆకు తెంపి మరుగుతున్న నీళ్ళలో ముంచింది. తర్వాత స్పిరిట్ పోసిన గాజు గొట్టంలో వేసి, ఆ గొట్టాన్ని వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టింది. ఆకులోని పచ్చదనమంతా మెల్లగా స్పిరిట్‌లోకి దిగిపోయింది. ఆకు తడిసిన పల్చటి కాగితంలా తెల్లబోయింది. దాన్ని నీళ్ళలో కడిగి, తెల్లటి పళ్ళెంలో పరిచి, పైన, పిండి ఉన్నచోట నీలి నలుపుగా మారే అయోడిన్ పోసింది.

మొదట ఏమీ కనబడలేదు. తర్వాత పళ్ళెం మధ్యలో ఏదో మసక. మసక చిక్కబడింది, అంచులు తేలాయి, నీలి నలుపు నక్షత్రం ఒకటి ఎక్కడినుంచో పైకి వచ్చినట్టు వచ్చింది.

కదలకండి గారు బెంచీలోంచి లేచారు. పిల్లల్ని తప్పించుకుంటూ ముందుకొచ్చి పళ్ళెం మీదికి వంగారు. పన్నెండేళ్ళయింది ఆయన ట్రేలో బొమ్మ పైకి తేలడం చూసి. ఖాళీ కాగితం మీద ముందు జుట్టు, తర్వాత కళ్ళు, ఆఖర్న నవ్వు. ఆ ఆనందం మళ్ళీ కలిగిందని తర్వాత భార్యకి చెప్పారట. ఆ క్షణానికి మాత్రం ఆయన నోట వచ్చింది ఒక ప్రశ్న.

"నలుపు వచ్చింది, తెలుపు వచ్చింది. సగం వెలుతురు పడితే బూడిదరంగు వస్తుందా?"

పుస్తకంలో నక్షత్రమే ఉంది. ఎవరూ బూడిదరంగు సంగతి రాయలేదు. మరదలు తరగతి అందరి ముందూ నిజం చెప్పేసింది.

"తెలీదు బావా. చేసి చూడాలి."

అంతే, ఆయనకి ఆ పిచ్చి పట్టుకుంది.

మొదటి ప్రయత్నం ఆ వారంలోనే, ఇంకో కుండీని రెండు రోజులు చీకట్లో ఉంచాక, వంటింట్లో. నక్షత్రం కత్తిరించిన కాగితం బదులు పాత నెగటివ్ ఒకటి ఆకుకి అంటించి ఎండలో పెట్టారు. అక్కడిదాకా బాగానే ఉంది. స్పిరిట్‌ని మరదలు వేడినీళ్ళలో పెట్టి వెచ్చబెట్టిందన్న సంగతి ఆయన గమనించలేదు. గిన్నెలో పోసి నేరుగా స్టవ్ మీద పెట్టారు. భగ్గుమంది. మూతేసి ఆర్పడం తెలుసు కాబట్టి ఇల్లు మిగిలింది. ఎడమ కనుబొమ మాత్రం సగమే మిగిలింది.

భార్య కింద నుంచి పరుగున వచ్చింది. కేకలెయ్యలేదు. మళ్ళీ షాపులోకి వెళ్ళి మలాము తెచ్చి రాసింది. రాస్తూ రాస్తూ, స్పిరిట్ మంటకి దూరంగా ఉంచాలని సీసా మీదే రాసి ఉంటుంది, జీవితమంతా కెమికల్స్‌తో గడిపిన మనిషి చదవరా అంది. ఆ రోజు నుంచి ఆవిడ పెట్టిన షరతు ఒకటే: నీళ్ళు మరిగించాలి, స్టవ్ పూర్తిగా ఆర్పాలి, అప్పుడు స్పిరిట్ గిన్నె ఆ వేడినీళ్ళలో పెట్టాలి. అది ఒప్పుకుంటేనే స్పిరిట్. ఒప్పుకున్నారు. ఆ నెలంతా పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినవాళ్ళు ఆయన సగం కనుబొమనే చూస్తూ ఉండటంతో అందరి ఫోటోల్లోనూ చూపు కాస్త పక్కకి పోయింది.

రెండో ప్రయత్నంలో ఆకు మొత్తం నల్లబడింది. బొమ్మ లేదు, తెలుపు లేదు, సిరా ఒలికినట్టు ఒకటే నీలి నలుపు. మూడుసార్లు చేసినా అంతే. చీకట్లో పెట్టానే, రెండు రోజులు తలుపు కూడా తియ్యలేదే అని తల పట్టుకున్నారు. మరదలు డార్క్‌రూమ్‌లోకి తొంగి చూసి, కుండీకి జానెడెత్తున వెలుగుతున్న ఎర్ర బల్బు చూపించింది.

డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు కూడా వెలుతురేనని ఆయన జీవితంలో ఎప్పుడూ అనుకోలేదు. ఫోటో కాగితానికి ఎరుపు కనబడదు. అందుకే ఆ గదిలో ఆ రంగు. నక్షత్రం మొక్క నాటికి పాత బల్బు మాడిపోయి ఉంది. ఆ తర్వాతే కొత్తరకం, బాగా కాంతిగలది పెట్టారు. తలుపు వేసేటప్పుడు దాన్ని ఆర్పాలని ఆయనకి తోచనే లేదు.

మరదలు నవ్వి నవ్వి గోడకి చేరబడింది. ఆకుకి ఎరుపంటే ప్రాణం అని చెప్పింది. ఆకులో పత్రహరితం అనే పదార్థం ఉంటుంది. అది ఎరుపునీ, నీలాన్నీ ఇష్టంగా పట్టుకుని వాడుకుంటుంది. ఆకుపచ్చని మాత్రం చాలావరకు వదిలేస్తుంది. ఆ వదిలేసింది మన కంటికి చేరుతుంది, అందుకే ఆకు పచ్చగా కనబడుతుంది. నువ్వు దానికి ఉపవాసం పెట్టాననుకుని రెండు రోజులు భోజనం పెట్టావు అంది. ఆయన స్టూలెక్కి బల్బు ఊడదీశారు.

మూడో దశలో బొమ్మ వచ్చింది గానీ గజ్జి పట్టినట్టు మచ్చలు మచ్చలుగా వచ్చింది. ఈసారి ఆయన కాంటాక్టు ప్రింటు తీసినట్టు ఆకునీ నెగటివ్‌నీ రెండు గాజు పలకల మధ్య గట్టిగా బిగించారు. ఆకుకి ఊపిరాడలేదు. ఆకు అడుగున కంటికి కనబడని సన్నటి రంధ్రాలు వేలకొద్దీ ఉంటాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడు లోపలికి పోయేది వాటిగుండానే. అది అందకపోతే ఎంత ఎండ కాసినా చక్కెర పుట్టదు. గాజు ఎక్కడ అంటుకుపోయిందో అక్కడ తెల్లగా మిగిలింది. ఎక్కడ కాస్త సందు దొరికిందో అక్కడ నల్లబడింది. దాంతో కింది గాజు తీసేసి, అడుగున పాత దోమతెర ముక్కతో వదులుగా కట్టడం మొదలుపెట్టారు.

ఈ మధ్యలో ఒక మధ్యాహ్నం మరదలు ఆయన్ని స్కూలు ల్యాబుకి తీసుకెళ్ళి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ఆకు లోపలి పల్చటి పొర. గదులు గదులుగా కణాలు, ఒక్కో కణంలో గోడల వెంబడి పేర్చినట్టు పచ్చటి గుళికలు. హరితరేణువులంటే అవే. పత్రహరితం ఉండేది వాటిలోనే, చక్కెర పుట్టేది వాటిలోనే, మిగిలిన పిండి గింజకట్టేది కూడా వాటి కడుపులోనే. పగటిపూట అది ఎక్కడ పుట్టిందో అక్కడే ఉంటుంది, పక్క కణంలోకి పాకదు. ఆయన కన్ను తియ్యకుండా చాలాసేపు చూశారు. ఫిల్ములో వెండి గింజలు ఎలా ఉంటాయో ఇక్కడ ఇవి అలా ఉన్నాయి, పక్కదానితో సంబంధం లేకుండా దేని వెలుతురు దానిదే అన్నారు. అయితే గీత పదునుగా వస్తుంది, బొమ్మ అలుక్కుపోదు అని తనలో తాను గొణుక్కున్నారు. మరదలికి ఆ సంగతి తెలుసు గానీ అలా ఎప్పుడూ అనుకోలేదు.

పదకొండో ఆకు మీద బొమ్మ కుదిరింది. నుదురు తెల్లగా, బుగ్గలు లేత బూడిదరంగులో, జుట్టు నీలి నలుపులో. నెగటివ్‌లో పల్చగా ఉన్నచోట ఎండ ఎక్కువ పడి పిండి ఎక్కువ పుట్టింది, చిక్కగా ఉన్నచోట తక్కువ, మధ్యరకంగా ఉన్నచోట మధ్యరకంగా. బూడిదరంగు వస్తుంది. ఆయన ప్రశ్నకి ఆకే జవాబు చెప్పింది. ఆ బొమ్మ పదేళ్ళ పిల్లది, రెండు జడలు, మూతి మూడు వంకరలు. మరదలు దాన్ని చూసి, పెట్టెడు నెగటివ్‌లలో నీకు నాది ఇదే దొరికిందా అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తన తరగతి పిల్లలకి చూపించడానికి అదే ఆకుని గాజు పళ్ళెంలో పెట్టి పట్టుకెళ్ళింది.

స్కూల్లో సైన్సు ప్రదర్శన వారం రోజులు జరుగుతుంది. సోమవారం పరిశీలన, శనివారం సర్టిఫికెట్లు. ఎనిమిదో తరగతి బల్ల మీద నాలుగు ఆకులు పెట్టారు. పరిశీలనకి వచ్చింది కాలేజీలో ముప్పై ఏళ్ళు బోటనీ చెప్పి రిటైరైన ఒక మేడమ్. కుడిచెయ్యి కట్టుతో మెడనుంచి వేలాడుతోంది. బాత్రూమ్‌లో జారి మణికట్టు విరిగిందట. భూతద్దం ఎడమచేత్తో పట్టుకుని మూతి ముడుచుకున్న పిల్ల బొమ్మని ఐదు నిమిషాలు చూసింది. చూసి, ఇది ప్రింటర్‌లో కొట్టి ఆకు మీద అద్దింది, నేను ఒప్పుకోను అని పక్క బల్లకి జరిగింది.

మరదలి ముఖం ఎర్రబడింది. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కదలకండి గారు మాత్రం వెనకాలే వెళ్ళి ఆవిడకి అడ్డంగా నిలబడ్డారు.

"మేడమ్, మీ దగ్గరున్న బొమ్మ ఏదైనా ఇవ్వండి. మీ కళ్ళ ముందే ఆకు మీద తెప్పిస్తాను. రాకపోతే ఈ నాలుగూ మీరే చెత్తబుట్టలో వెయ్యండి."

ఆవిడ ఆయన్ని, ముఖ్యంగా ఆయన కనుబొమని, ఎగాదిగా చూసింది. సంచిలోంచి పెద్ద కవరు తీసి, అందులోని ఎక్స్‌రే ఫిల్ము చేతిలో పెట్టింది. పొద్దున డాక్టరుకి చూపించి ఇటే వచ్చిందట. ఇది ఎవరూ ముందుగా ప్రింటు కొట్టి ఉంచే బొమ్మ కాదు కదా అంది. రేపు పొద్దున్నే మీ స్టూడియోకి వస్తాను, మొదటినుంచి చివరిదాకా కూర్చుంటాను అని కూడా అంది.

డార్క్‌రూమ్‌లో ఆయన ఎప్పుడూ ఒక కుండీ సిద్ధంగా ఉంచుతున్నారు కాబట్టి ఆకు సంగతి చింత లేదు. చింతంతా మంగళవారం తెల్లవారాక మొదలైంది. ఆకాశం అటు చివరినుంచి ఇటు చివరిదాకా మబ్బు. మేడమ్ చెప్పిన టైముకి మెట్లెక్కి వచ్చి, గొడుగు మూలన ఆనించి, ఎండ ఏదీ అన్నట్టు కిటికీ వైపు చూసింది. మరదలు స్కూలుకి సెలవు పెట్టి వచ్చి గోళ్ళు కొరుక్కుంటోంది.

ఆయన కిటికీ జోలికి పోలేదు. స్టూడియోలోని రెండు పెద్ద లైట్లు దగ్గరికి లాగారు. పెళ్ళిళ్ళకి వెళ్ళిన లైట్లు అవి. ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోకి ఒకటి వేసినా ఎక్కువే. వాటి వేడికి ఆకు మాడిపోతుందని మేడమ్ అంది. అది ఆయన ముందే అనుకున్నారు. లైట్లకీ ఆకుకీ మధ్య నీళ్ళు పోసిన గాజు ట్రే అడ్డంగా నిలిపారు. వేడిలో చాలామటుకు నీళ్ళు లాగేసుకుంటాయి, వెలుతురు దాటి వస్తుంది. మేడమ్ కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది.

ఆకుని ఆవిడే ఎంచింది. కాడకి తన కట్టు అంచునుంచి లాగిన తెల్లదారం పోగు గుర్తుగా కట్టించింది, ఎవరూ ఆకు మార్చకుండా. ఎక్స్‌రేలో మణికట్టు ఉన్న భాగం ఆకు మీద పడేట్టు ఆయన సర్ది, బిగించి, లైట్లు వేసి, నాలుగడుగులు వెనక్కి వేశారు. "కదలకండి" అన్నారు. మొక్కతో అన్నారో, మేడమ్‌తో అన్నారో తెలియక ఇద్దరూ కదలలేదు.

ఎనిమిది గంటలు. అంతసేపు ఒకే గదిలో కూర్చుంటే ఎంత బిగదీసుకున్న మనిషైనా మాట్లాడక తప్పదు. కింద నుంచి భార్య మూడుసార్లు టీ పంపింది. మేడమ్ పాఠం చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ ఆకులో రెండు పనులు జరుగుతున్నాయంది. వెలుతురు పత్రహరితం మీద పడగానే ఆ శక్తితో నీళ్ళు విడిపోతున్నాయి. అందులోని ఆక్సిజన్ బయటికి వచ్చేస్తోంది. పట్టుకున్న శక్తి కాసేపు లోపల నిలవ ఉంటోంది. రెండో పనికి వెలుతురు నేరుగా అక్కర్లేదు, ఆ నిలవ శక్తితోనే కార్బన్ డయాక్సైడుని అతికించి చక్కెర కడుతుంది. ఆయన శ్రద్ధగా విని, అయితే మొదటిది ఎక్స్‌పోజరు, రెండోది డెవలపింగు అన్నారు. పూర్తిగా తప్పని చెప్పలేను, కాకపోతే రెండూ పక్కపక్కనే, ఒకేసారి నడుస్తాయి అందావిడ. ఆ ఒప్పుకోలు ఆవిడకి కష్టంగానే వచ్చినట్టుంది.

మధ్యాహ్నం దాటాక ఆయనకి ఒక అనుమానం వచ్చింది. ఈ గది చిన్నది, కిటికీ మూసి ఉంది, ఆకు తీసుకునే గాలి ఎవరిది అని అడిగారు. మనం వదిలేదే అంది మేడమ్. పొద్దుటినుంచి ముగ్గురం వదిలిన ఊపిరిలోది కొంత ఇప్పటికే ఆ ఆకులో పిండైపోయి ఉంటుంది. అని, తన కట్టు వేసిన చేతిని చూసుకుని, మొదటిసారి నవ్వింది.

అయిదు గంటలకి లైట్లు ఆర్పారు. మేడమ్ తన దారం పోగు సరిచూసుకుని తలూపాక ఆకు తెంపారు. నీళ్ళు మరిగాయి, స్టవ్ ఆరింది, స్పిరిట్ గిన్నె వేడినీళ్ళలోకి దిగింది. భార్య షాపు పక్కవాళ్ళకి అప్పజెప్పి తనే దగ్గర నిలబడి చూసుకుంది. పచ్చదనం దిగిపోయింది. ఆకు తెల్లబడింది. డార్క్‌రూమ్‌లోంచి శనివారం కడిగిన ట్రే తెచ్చి, ఆకు పరిచి, అయోడిన్ పోశారు.

ముందు రెండు పొడుగాటి ఎముకల చివరలు తేలాయి. ఆ పైన గులకరాళ్ళు పేర్చినట్టు మణికట్టులోని చిన్న ఎముకలు. ఎక్స్‌రేలో ఎముక ఉన్నచోటే వెలుతురు దాటుతుంది కాబట్టి ఆకులో ఎముకలు ముదురు నీలంగా వచ్చాయి, చుట్టూ మాంసం పల్చటి పొగలాగా. పెద్ద ఎముకకి అడ్డంగా వెంట్రుకంత తెల్లగీత కనబడింది. మేడమ్ భూతద్దం తీసింది. విరుగు ఎక్కడ ఉందో డాక్టరు నిన్న పొద్దున పెన్నుతో చూపించాడట. సరిగ్గా అక్కడే ఉంది.

ఆవిడ కళ్ళద్దాలు తీసి ఎడమచేత్తో తుడుచుకోలేక అవస్థ పడుతుంటే కదలకండి గారి భార్య తీసుకుని తుడిచి ఇచ్చింది.

"ముప్పై ఏళ్ళు నల్ల కాగితంలో నక్షత్రం కత్తిరిస్తూనే ఉన్నాను," అంది మేడమ్. "బూడిదరంగు వస్తుందా అని ఒక్కసారి కూడా నాకు తోచలేదు. మీకెలా తోచింది?"

"నాకు వేరే పని తెలీదు మేడమ్," అన్నారాయన.

నిన్న అన్న మాటకి ఆవిడ మరదలికి క్షమాపణ చెప్పింది. మర్నాడు స్కూలుకొచ్చి పిల్లలకి కూడా చెప్పింది. అది చాలామంది పెద్దవాళ్ళు చెయ్యని పని. శనివారం ఎనిమిదో తరగతికి మొదటి బహుమతి వచ్చింది. కదలకండి గారికి ప్రత్యేక ప్రశంస ఇంకొకటి రాయాలని మేడమ్ పట్టుబట్టింది. స్కూల్లో ఉన్న సర్టిఫికెట్లన్నీ విద్యార్థులకి అచ్చు వేసినవే. దాంతో అందులోని గడి ఖాళీ ఉంచకూడదని, తరగతి అన్నచోట ఎనిమిది అని ఆవిడే ఎడమచేత్తో వంకరటింకరగా రాసింది. ఆయన దాన్ని లామినేషన్ చేసుకున్నారు. లామినేషన్ మిషను సొంతమే కదా.

ఇప్పుడు గురువారం మధ్యాహ్నాలు స్టూడియో మూసి ఉంటుంది. పని ఉన్నవాళ్ళు స్కూలుకెళ్ళి వెతుక్కోవాలి. పిల్లలు ఇళ్ళల్లోంచి పాత నెగటివ్‌లు తెస్తారు. తాతల పెళ్ళి ఫోటోలు, అమ్మలు చిన్నప్పుడు గౌన్లలో దిగినవి. నెగటివ్ దొరకనివాళ్ళు ఎక్స్‌రేలు తెస్తారు. ఒకమ్మాయి తన పిప్పిపన్ను ఎక్స్‌రే తెచ్చింది, చాలా బాగా వచ్చింది. ఆకు మీది నీలం కొన్నాళ్ళకి వెలిసిపోతుంది. మళ్ళీ ఒక చుక్క అయోడిన్ వేస్తే కొన్నాళ్ళు తిరిగొస్తుంది. వెలిసిపోతే బాధ లేదా అని అడిగితే, ఫోటోలు మాత్రం వెలవవా అంటారు.

మొన్న గురువారం ఒక పిల్ల ఆయన్ని ఒక ప్రశ్న అడిగింది. చక్కెర చేసేది గాలిలోంచీ నీళ్ళలోంచీ అయితే, ఇంత చెట్టు బరువు ఎక్కడినుంచి వచ్చింది, మట్టిలోంచి కాదా అని. ఆయనకి తెలియలేదు. తెలియదనే చెప్పారు. సాయంత్రం మేడమ్‌కి ఫోన్ చేసి అడిగారు. మట్టి ఇచ్చేది చిటికెడు, నీళ్ళు తీసేస్తే మిగిలిన చెట్టులో చాలా భాగం గాలిలోంచి వచ్చిందే అని ఆవిడ చెప్పింది. ఆయన ఫోన్ పెట్టేసి ఆ మాట మోసుకుంటూ వరండాలోకి వెళ్ళారు. భార్య కుండీలకి నీళ్ళు పోస్తోంది. పన్నెండు కుండీల్లో ఏడింటికి ఆకులు పలచబడిపోయి ఉన్నాయి. ఆయన ఉత్సాహంగా, ఈ కాడలూ ఈ ఆకులూ అన్నీ చాలావరకు గాలేనట, తెలుసా అన్నారు.

ఆవిడ చెంబు వంచి ఆఖరి కుండీ కూడా తడిపి నిటారుగా నిలబడింది.

"గాలైతే గాలి. ఆ చివరి రెండింటి ఆకులు మాత్రం ముట్టుకోకండి," అంది.

ఆయన సరేనన్నారు. శనివారానికి ఆ రెండింటిలో ఒకటి డార్క్‌రూమ్‌లో ఉంది.